మంత్రగత్తెను తెరమీద చూపించకపోవడం డబ్బు లేకనా, పనితనమా?

ప్రశ్న: సెకండ్‌షో

ఈ మధ్య నాలుగు పాత భయానక చిత్రాలను దాదాపు వరుసగా చూశాను. అమెరికాలో 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్', ఇంగ్లండులో 1957లో వచ్చిన 'నైట్ ఆఫ్ ద డీమన్', 1960 నాటి 'ద సిటీ ఆఫ్ ద డెడ్', 1962 నాటి 'నైట్ ఆఫ్ ద ఈగిల్'. నాలుగూ నలుపు తెలుపు చిత్రాలే. నాలుగింటిలోనూ చేతబడో, శాపమో, సాతాను పూజో కథకు మూలం. ఆ కాలపు పెద్ద చిత్రాల పక్కన పెడితే నాలుగూ చిన్న పెట్టుబడితో తీసినవే.

వీటి గురించి చదివిన చోటల్లా ఒకే వివరణ ఎదురవుతోంది. చేతిలో డబ్బు లేక దర్శకులు దుష్టశక్తిని తెరమీదికి తేలేకపోయారనీ, తేలేకపోవడం వల్లనే ప్రేక్షకుడు తనకు తోచిన రూపాన్ని ఊహించుకుని భయపడ్డాడనీ ఆ వివరణ సారాంశం. వినడానికి బాగానే ఉంది గానీ, నేను చూసినదానితో అది పూర్తిగా పొసగడం లేదు. 'నైట్ ఆఫ్ ద డీమన్' మొదలైన కాసేపటికే పొగలోంచి కొమ్ముల రాక్షసుడు నడిచి వచ్చి ఒక మనిషి మీద పడతాడు. అంటే చూపించడానికి కావలసిన డబ్బు వారి దగ్గర ఉంది, చూపించారు కూడా. అయినా ఆ చిత్రంలో నన్ను కలవరపెట్టింది ఆ రాక్షసుడు కాదు. శాపం రాసి ఉన్న చిన్న కాగితం ముక్క ఒకటి తనంతట తానే గాలిలోకి లేచి, నిప్పుగూడు వైపు ఎగిరి, అందులో పడి కాలిపోవాలని తహతహలాడే దృశ్యం. ఆ కాగితం కాలిపోతే అది ఎవరి జేబులో ఉందో ఆ మనిషికి ఇక విముక్తి లేదని మనకు ముందే తెలుసు. ఆ దృశ్యానికి పెద్ద ఖర్చేమీ అయి ఉండదు.

అందుకే అడుగుతున్నాను. ఈ చిత్రాలలో కనిపించే నిగ్రహం నిజంగా పేదరికం నుంచి వచ్చినదేనా, లేక తీసినవారు ఎంచుకున్న పద్ధతికి మనం తరవాత ఆర్థిక కారణం అంటగట్టామా? ఈ దారిలో తరవాత ఏ చిత్రం చూడాలో, వీటికి వేరువేరు కూర్పులు ఉన్నట్టయితే ఏది చూడాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.


రీలుపెట్టె

మీ అనుమానంలో బలం ఉంది. దానికి అన్నింటికన్నా మంచి సాక్ష్యం మీరు మొదట పేర్కొన్న 'క్యాట్ పీపుల్' చిత్రమే. అది తయారైన తీరు కొంచెం వివరంగా చెప్పవలసి ఉంటుంది.

1942 నాటికి ఆర్‌కేఓ స్టూడియో ఆర్థికంగా చిక్కుల్లో ఉంది. ఆర్సన్ వెల్స్ తీసిన రెండు ఖరీదైన చిత్రాలూ పెట్టుబడిని తిరిగి రాబట్టలేదు. అదే కాలంలో పక్కనున్న యూనివర్సల్ స్టూడియో రాక్షసుల చిత్రాలతో నిలకడగా సొమ్ము చేసుకుంటోంది. తాము కూడా అలాంటివి చవకగా తీయాలని నిశ్చయించుకున్న ఆర్‌కేఓ, అందుకోసం వాల్ లూటన్ అనే ఆయనను తెచ్చుకుంది. ఆయన 1904లో యాల్టాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, అక్కడ నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ దగ్గర కథల విభాగంలో చాలాకాలం పనిచేసినవాడు. స్టూడియో ఆయనకు మూడు షరతులు పెట్టింది. ఒక్కొక్క చిత్రానికి ఖర్చు 1,50,000 డాలర్లు దాటకూడదు. నిడివి 75 నిమిషాలు మించకూడదు. చిత్రం పేరును స్టూడియోయే నిర్ణయిస్తుంది, ఆ పేరుకు తగిన కథను ఆయన వెతుక్కోవాలి. ఈ మూడింటినీ పాటించినంతకాలం లోపల ఏం తీస్తున్నాడో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చౌక చిత్రానికి దక్కే అసలు వరం ఈ నాలుగో సంగతేనని నా అభిప్రాయం.

'పిల్లి మనుషులు' అనే పేరు చేతికిచ్చి పొమ్మంటే మరొకరైతే ముఖానికి బొచ్చు అంటించి వదిలేసేవారు. లూటన్ ఆ పేరును సెర్బియా నుంచి న్యూయార్కు వచ్చి బట్టల నమూనాలు గీసుకుని బతికే ఐరీనా అనే అమ్మాయి కథగా మార్చాడు. మంత్రవిద్యకు అలవాటుపడి, రాజు తరిమివేస్తే కొండల్లోకి పారిపోయిన పల్లెవాసుల వంశం తనదని, పురుషుడు ముద్దుపెట్టుకుంటే తాను చిరుతగా మారిపోతానని ఆమె నమ్మకం. ఆమెను ప్రేమించి పెళ్లి చేసుకున్న భర్త అదంతా పిచ్చి భయమని కొట్టిపారేస్తాడు. సినిమా నడిచేది ఈ రెండు నమ్మకాల మధ్యనే.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. చిరుత కనబడకపోవడం దర్శకుడు జాక్ టూర్నర్, నిర్మాత లూటన్ కలిసి తీసుకున్న నిర్ణయం. చూపించి తీరాలని పట్టుబట్టింది స్టూడియో పెద్దలు. వారి ఒత్తిడి మీదనే, భర్త పనిచేసే కార్యాలయంలో రాత్రివేళ జరిగే దృశ్యంలోకి నిజమైన జంతువును తీసుకురావలసి వచ్చింది. టూర్నర్ ఆ గదిని వీలైనంత చీకటి చేసి, బల్లల కింద కదిలే నలుపును మాత్రమే మిగిల్చాడు. గమనించండి, ఇక్కడ డబ్బున్నవాడు చూపించమంటున్నాడు, పనివాడు వద్దంటున్నాడు. మీరు చెప్పిన 'నైట్ ఆఫ్ ద డీమన్' విషయంలో కూడా పదిహేనేళ్ల తరవాత అదే దర్శకుడికి అదే తగవు వచ్చింది. రాక్షసుడు అంత స్పష్టంగా కనిపించాలన్నది నిర్మాత హాల్ చెస్టర్ పట్టుదల. టూర్నర్‌కు, కథనం రాసిన చార్లెస్ బెనెట్‌కు అది ఎంతమాత్రం నచ్చలేదు. 'క్యాట్ పీపుల్'లో గెలిచినవాడు ఈసారి ఓడిపోయాడు. కాబట్టి పేదరికం వల్లనే చూపించలేదనే సిద్ధాంతం ఈ రెండు చిత్రాల దగ్గర నిలబడదు.

అలాగని డబ్బు ప్రసక్తే లేదనీ అనలేము. ఐరీనా ఉండే భవనంలోని అందమైన మెట్లవరుస, వెల్స్ తీసిన 'ద మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్' కోసం కట్టిన సెట్టు. స్టూడియోను ముంచిన చిత్రంలోని మెట్లే దాన్ని ఒడ్డెక్కించిన చిత్రానికి పనికొచ్చాయి. చూపించకూడదని ముందే అనుకున్నవారికి కొరత ఎదురైతే అది వారి చేతిలో సాధనమవుతుంది. ఏమీ అనుకోనివారికి ఎదురైతే తెరమీద కొరతగానే కనిపిస్తుంది. ఆ కాలపు చౌక చిత్రాలలో అధికభాగం రెండో రకమే. అవి మనకు గుర్తులేవు కాబట్టి మొదటి రకమే సాధారణమని పొరబడుతున్నాం.

ధ్వని గురించి ఒక్క మాట. ఐరీనా సవతిగా భావించే ఆలిస్ రాత్రిపూట సెంట్రల్ పార్కు పక్కన ఒంటరిగా నడుస్తూంటే వెనక మరో జత మడమల చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆ రెండో చప్పుడు ఆగిపోతుంది. వెంబడించేది ఆగిపోయిందా, లేక కాళ్లకు చెప్పులు లేని మరో రూపం దాల్చిందా అని మనం ఊపిరి బిగబట్టిన క్షణంలో, క్రూరమృగం బుసకొట్టినట్టు ఒక బస్సు వచ్చి తెరలోకి దూసుకొచ్చి ఆగుతుంది. కూర్పు (ఎడిటింగు) చేసిన మార్క్ రాబ్సన్ సాధించిన ఈ కుదుపును నేటికీ చిత్రసీమలో 'లూటన్ బస్సు' అని వ్యవహరిస్తారు. ఇప్పటి భయానక చిత్రాలలో పిల్లి దూకడం, తలుపు కొట్టుకోవడం అంతా ఆ బస్సు సంతానమే. సంతానం సంఖ్యలో పెరిగింది గానీ, ముందు మౌనం కూడబెట్టాలన్న ఓపిక మాత్రం దానికి అబ్బలేదు.


కోటగుమ్మం

రీలుపెట్టె గారి మాట 'క్యాట్ పీపుల్' వరకు ఒప్పుకుంటాను. కానీ 'ద సిటీ ఆఫ్ ద డెడ్' విషయంలో డబ్బు లేకపోవడమే చిత్రానికి రూపం ఇచ్చిందని నేను గట్టిగా చెప్పగలను.

ఆ చిత్రంలో కథ జరిగేది అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న వైట్‌వుడ్ అనే కల్పిత గ్రామంలో. తీసింది మాత్రం ఇంగ్లండులోని షెపర్టన్ స్టూడియోలో, దాదాపు అంతా బ్రిటిష్ నటులతో, అమెరికన్ యాస పెట్టించి. మొత్తం గ్రామం, సమాధుల తోట, సత్రం, పాడుబడిన చర్చి అన్నీ స్టూడియో పైకప్పు కిందనే ఉన్నాయి. అందుకే ఊరిలో ఎప్పుడూ పొగమంచు తెరలు తెరలుగా కమ్ముకుని ఉంటుంది. ఆ మంచు లేకపోతే నాలుగిళ్ల వెనక స్టూడియో గోడ కనిపించిపోతుంది. గోడను దాచడానికి పట్టిన మంచు ఆ ఊరి స్వభావమే అయిపోయింది. బయటి లోకంతోను, కాలంతోను సంబంధం తెగిన ఊరు ఎలా ఉండాలో సరిగ్గా అలా ఉంటుంది. అక్కడ మనుషులు నడవరు, నిలబడి ఉంటారు. మంచు వారి చుట్టూ నడుస్తుంది. దర్శకుడు జాన్ మాక్సీకి ఇది తొలి రోజుల చిత్రమే అయినా, ఛాయాగ్రహణం చేసిన డెస్మండ్ డికిన్సన్ చేయి తిరిగినవాడు. 1948లో లారెన్స్ ఒలీవియే తీసిన 'హామ్లెట్' చిత్రానికి పనిచేసింది ఆయనే. ఆ చిత్రంలోని ఎల్సినోర్ కోటలో మంచును నడిపించిన మనిషికి వైట్‌వుడ్ ఒక లెక్క కాదు.

చిత్రం మొదలయ్యే తీరు నాకు చాలా ఇష్టం. 1692లో ఎలిజబెత్ సెల్విన్ అనే మంత్రగత్తెను కొయ్యకు కట్టి కాల్చుతున్నారు. జనం 'కాల్చండి, కాల్చండి' అని అరుస్తూంటే, ఆ అరుపు మధ్యలోనే దృశ్యం మారి నేటి కళాశాల తరగతి గది వస్తుంది. అక్కడ క్రిస్టఫర్ లీ అదే ఆవేశంతో అవే మాటలు విద్యార్థులకు చెబుతూ ఉంటాడు. ఒక్క కత్తిరింపుతో మూడు శతాబ్దాలు దాటడమే కాక, ఈ ఆచార్యుడికి చరిత్ర మీదున్నది చదువరి ఆసక్తి మాత్రమే కాదేమోనన్న శంక కూడా కలుగుతుంది. దానికి అదనంగా ఒక్క పైసా ఖర్చు కాలేదు. చిత్రం సగంలో, ఎవరిని మనం కథానాయిక అనుకుంటున్నామో ఆ అమ్మాయినే బలి ఇచ్చేస్తారు. అదే 1960లో హిచ్‌కాక్ 'సైకో'లో చేసింది కూడా ఇదే కావడంతో, రెండింటినీ పోల్చి మాట్లాడేవారు ఇప్పటికీ ఉన్నారు.

చరిత్ర విషయంలో మాత్రం ఈ చిత్రాన్ని నమ్మకండి. 1692లో అదే మసాచుసెట్స్ ప్రాంతపు సేలంలో మంత్రగత్తెలన్న నేరం మోపి ఎవరినీ కాల్చలేదు. పంతొమ్మిది మందిని ఉరితీశారు. నేరం ఒప్పుకోవడమో కాదనడమో చేయడానికి నిరాకరించిన జైల్స్ కోరీ అనే ముసలి రైతును రాళ్ల బరువు కింద నొక్కి చంపారు. మరికొందరు చెరసాలలోనే కన్నుమూశారు. మసాచుసెట్స్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు వలసలు ఇంగ్లిషు న్యాయపద్ధతిని అనుసరించేవి, ఆ పద్ధతిలో మంత్రవిద్యకు శిక్ష ఉరి. కొయ్యకు కట్టి కాల్చడం స్కాట్లండ్‌లోను, ఐరోపా ఖండంలోను ఉన్న ఆచారం. చిత్రం తీసినవారికి ఉరికన్నా మంట కావలసి వచ్చింది, ఎందుకంటే కథ ముగింపు కూడా మంట మీదనే ఆధారపడి ఉంది. చిత్రంగా చూస్తే ఆ మార్పు సరైనదే. కానీ ఇలాంటి చిత్రాల పుణ్యమా అని సేలం అనగానే లోకమంతటికీ చితి గుర్తుకొస్తోంది. ఆ ఉరికొయ్యల మీద పోయినవారు మంత్రగత్తెలు కారు, పొరుగువారి అబద్ధపు సాక్ష్యాలకు బలైన మామూలు మనుషులు. చిత్రంలో సెల్విన్ నిజంగానే సాతానుతో ఒప్పందం చేసుకున్న మనిషి కావడం వల్ల, ఊరిజనం చేసింది న్యాయమే అనిపిస్తుంది. ఈ చిత్రం నాకెంత ఇష్టమైనా అక్కడ మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.


లెక్కలమాస్టారు

ఇద్దరూ వెలుగునీడల గురించే మాట్లాడారు. 'నైట్ ఆఫ్ ద ఈగిల్' గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి, ఆ లోటు నేను పూరిస్తాను. ఈ నాలుగింటిలో నాకు అదే మేటి. అందులో నీడల పాత్ర చాలా తక్కువ, ఇంట్లో దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. ఆ భయమంతా రాతలో ఉంది.

మూలం ఫ్రిట్జ్ లైబర్ రాసిన నవల. తెరకు రాసినవారిలో రిచర్డ్ మాథెసన్, చార్లెస్ బోమాంట్ ఉన్నారు. ఇద్దరూ అప్పటికే కథకులుగా పేరున్నవారు. మూఢనమ్మకాలను తీసిపారేసే ఒక ఆచార్యుడు, నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'నేను నమ్మను' అని రాసి పాఠం చెబుతూ ఉంటాడు. ఇంటికొచ్చి సొరుగులు వెతికితే ఎండిన సాలీళ్లు, వేళ్లు, సమాధిమట్టి వంటివి దొరుకుతాయి. తన ఉద్యోగంలో తాను ఎదుగుతున్నది తన తెలివివల్లనే అని అతను అనుకుంటూ ఉంటే, కాదు, తోటి ఆచార్యుల భార్యలు ప్రయోగించే దుష్టశక్తులనుంచి నేను కాపాడుకుంటూ రావడం వల్లనే అని భార్య చెబుతుంది. అతను కోపంతో ఆ వస్తువులన్నింటినీ ఆమె చేతనే కాల్పించేస్తాడు. మరునాటి నుంచి అతని జీవితం ఒక్కొక్క పేటుగా కూలిపోవడం మొదలవుతుంది.

ఇందులో చమత్కారం ఏమిటంటే, జరిగే ప్రతి అనర్థానికీ ఒక లౌకికమైన కారణం కూడా ఉంటుంది. విద్యార్థిని మోపిన అభాండం, ఆమె స్నేహితుడి ఆగ్రహం, సహోద్యోగుల అసూయ, ఇవేవీ ఏ కళాశాలలోనూ కొత్తవి కావు. మనం అతనితో పాటే కారణాలు వెతుక్కుంటూ, వెతుక్కున్న ప్రతిసారీ కొంచెం కొంచెంగా నమ్మకం వైపు జారుతూ ఉంటాం. చివరికి, తనను తరుముతున్నదానినుంచి తప్పించుకోవడానికి వెనక్కి నడుస్తూ అతను అదే నల్లబల్లకు ఆనుకుంటాడు. అతని వీపు తగిలి ఆ వాక్యంలోని నిషేధం చెరిగిపోయి, 'నమ్ముతాను' అన్నదే మిగులుతుంది. సుద్దముక్క ఖరీదుతో ఇంత పని జరిగింది. ఆ ఘట్టంలో తెరమీదికి వచ్చే నిజమైన గద్దను తీసేసినా నాకు అభ్యంతరం ఉండేది కాదు.

మీ ప్రశ్నకు దీనిలో ఇంకో సాక్ష్యం ఉంది. ఇదే నవలను యూనివర్సల్ వారు 1944లోనే 'వియర్డ్ ఉమన్' పేరుతో తీశారు. అది కూడా చౌక చిత్రమే, నిడివి గంటకు కొంచెం మించి ఉంటుంది. కానీ అందులో మంత్రవిద్య అంతా ఒక అసూయాపరురాలు పన్నిన కుట్ర అని తేల్చి, ప్రేక్షకుడిని నిశ్చింతగా ఇంటికి పంపేస్తారు. అదే కథ, అంతే పేదరికం, అయినా అందులో భయం లేదు. తేడా పెట్టుబడిలో లేదు, సందేహాన్ని చివరిదాకా మోయగల ధైర్యం ఉందా లేదా అన్నదానిలో ఉంది. రీలుపెట్టె గారు పదే పదే దర్శకుడి పేరే చెప్పారు గానీ, ఈ కోవ చిత్రాలలో కథకుడి వాటా ఎప్పుడూ తక్కువగానే లెక్కకు వస్తోంది.


చీకటిగది

ఛాయాగ్రహణం మీద ఆసక్తి ఉన్నదానిగా, డబ్బుకూ భయానికీ మధ్య ఉన్న మూడో సంగతి ఒకటి చెబుతాను. ఈ చిత్రాలు నలుపు తెలుపులో ఉండటం వల్లనే కొన్ని పనులు చౌకగా సాధ్యపడ్డాయి.

ఇటలీకి చెందిన మారియో బావా 1957 నాటి 'ఇ వాంపీరి' చిత్రంలో ఛాయాగ్రాహకుడిగా చేసిన పని చూడండి. ఒక అందమైన స్త్రీ ముఖం మన కళ్లముందే, దృశ్యం ఎక్కడా తెగకుండా, ముడతలు పడి ముసలిదైపోతుంది. దాని వెనక ఉన్నది రంగుల లెక్క మాత్రమే. ముడతలను ముందుగానే ఒక రంగుతో ముఖం మీద గీస్తారు. అదే రంగు కాంతి పడినంతసేపూ ఆ గీతలు చర్మంలో కలిసిపోయి కనిపించవు. కాంతిని క్రమంగా దానికి విరుద్ధమైన రంగులోకి మార్చుతూ పోతే గీతలు నల్లగా పైకి తేలతాయి. ఎరుపునూ పచ్చనూ నలుపు తెలుపు ఫిల్ము రంగులుగా గుర్తించదు, వెలుగు తేడాగా మాత్రమే గుర్తిస్తుంది కాబట్టి, ప్రేక్షకుడికి దీపం మారిన సంగతే తెలియదు. ఈ ఉపాయం అంతకు పాతికేళ్ల ముందే, 1931 నాటి 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'లో వాడారు. రంగుల చిత్రంలో ఇది పనిచేయదు. కావలసినవి రెండు రంగుల గాజుపలకలు, నిలకడైన చేయి, అంతే.

అదే బావా 1960లో దర్శకుడిగా తీసిన మంత్రగత్తె చిత్రం అమెరికాలో 'బ్లాక్ సండే' పేరుతో వచ్చింది. ఇది మీ జాబితాలో ఉండాలి. కానీ ఇది చూపించని చిత్రం కాదు. మొదటి దృశ్యంలోనే, లోపలి వైపు మేకులున్న కంచు ముసుగును మంత్రగత్తె ముఖం మీద పెట్టి సమ్మెటతో కొడతారు. బ్రిటన్‌లో దీన్ని 1968 దాకా ప్రదర్శించనివ్వలేదు. కాబట్టి చూపించకపోవడమే కళ అన్న సూత్రాన్ని ఈ చిత్రం ఒక్క దెబ్బతో కొట్టేస్తుంది. ఇందులో బార్బరా స్టీల్ మంత్రగత్తెగాను, ఆమె వంశంలో పుట్టిన అమాయకురాలిగాను రెండు పాత్రలు వేసింది. ఒకే ముఖం మీద కాంతి పడే కోణం మార్చి బావా ఇద్దరు మనుషులను సృష్టించాడు. ఆమె పెద్ద కళ్లు చాలావరకు మిగతా పని చేసేశాయి.


నేలటికెట్టు

ఇంతసేపూ హాలీవుడ్, లండను, రోము తిరిగారు. మన విఠలాచార్య గారిని ఒక్కరూ తలవకపోవడం న్యాయం కాదు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి, కన్నడంలో మొదలుపెట్టి, తెలుగులో జానపద బ్రహ్మగా స్థిరపడిన ఆయన జీవితమంతా చిన్న పెట్టుబడితో మాంత్రికులను, దెయ్యాలను, అస్థిపంజరాలను ఆడించినవారే. ఆయన దారి మీరు మెచ్చుకుంటున్న దారికి పూర్తిగా ఎదురుదారి. ఆయన ఏదీ దాచరు. 1978 నాటి 'జగన్మోహిని'లో ఆడదెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేస్తుంది. మసక వెలుగు లేదు, సందేహం లేదు, నేరుగా పగటిపూట చూపించేస్తారు. చూసిన పిల్లలకు ఆ దృశ్యం జన్మంతా గుర్తుండిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, చూపించడం కూడా ఖరీదైన పనేమీ కాదు. కెమెరాను ఆపి, మనిషిని పక్కకు జరిపి, అక్కడ మేకను నిలబెట్టి, మళ్లీ తిప్పితే మాయ జరిగిపోతుంది. సినిమా పుట్టిన కొత్తలో ఫ్రెంచివాడైన మెలియెస్ చేసిందీ ఇదే. డబ్బు లేనివాడు చీకటిని నమ్ముకోవచ్చు, లేదా కెమెరా కిటుకును నమ్ముకోవచ్చు. విఠలాచార్య గారి గురించి పరిశ్రమలో ఒక కథ చెప్పుకుంటారు. కథానాయకుడు కాల్షీట్లతోనో పారితోషికంతోనో ఇబ్బంది పెడితే, మాంత్రికుడి చేత అతన్ని చిలకగానో మేకగానో మార్పించేసి, ఆ చిలకతోనే మిగతా సినిమా పూర్తి చేసేవారట. నిజమెంతో గానీ, బడ్జెట్టుకూ మంత్రవిద్యకూ ఉన్న సంబంధాన్ని ఇంతకన్నా సూటిగా చెప్పే కథ ఏ దేశపు చిత్రసీమలోనూ నేను వినలేదు.


సెకండ్‌షో

అందరికీ ధన్యవాదాలు. నేలటికెట్టు గారి సమాధానం చదివాక నా ప్రశ్నను కొంచెం సరిచేసి అడగాలనిపిస్తోంది. పేదరికం రెండు దారులకూ తీసుకెళ్లగలదని తేలింది. అయితే విఠలాచార్య గారి ప్రేక్షకుడికి దెయ్యం ఉందా లేదా అన్న సందేహమే లేదు, ఆ లోకంలో అది ఉంటుంది, అంతే. ఐరీనా భర్తకూ, లెక్కలమాస్టారు గారు చెప్పిన ఆచార్యుడికీ ఆ సందేహమే ప్రాణం. నమ్మని మనిషి కథానాయకుడైనప్పుడు చూపించకుండా ఆగవలసి వస్తుందనీ, అందరూ నమ్మే లోకంలో కథ నడిచినప్పుడు చూపించడమే మర్యాద అనీ నాకిప్పుడు అనిపిస్తోంది. 'బ్లాక్ సండే' కూడా ఈ లెక్కకు సరిపోతుంది, పాత కాలపు తూర్పు ఐరోపాలో జరిగే ఆ కథలో మంత్రగత్తె ఉనికిని కాదనేవారికి పెద్ద చోటు లేదు.

లూటన్ తీసినవాటిలో సాతాను పూజ గురించి ఇంకో చిత్రం ఉందని ఎక్కడో చదివాను. అది చూడదగినదేనా?


రీలుపెట్టె

చూడదగినదే. 1943లో వచ్చిన 'ద సెవెంత్ విక్టిమ్'. కూర్పుకర్త మార్క్ రాబ్సన్‌ను లూటన్ దర్శకుడిని చేసిన చిత్రం, నటి కిమ్ హంటర్‌కు మొదటి చిత్రం, నిడివి 71 నిమిషాలు. పట్నంలో కనబడకుండా పోయిన అక్కను వెతుక్కుంటూ చెల్లెలు న్యూయార్కు వస్తుంది. అక్క ఒక సాతాను ఆరాధకుల బృందంలో చేరి, దాని గుట్టు బయట పెట్టినందుకు శిక్ష ఎదుర్కొంటోందని క్రమంగా తెలుస్తుంది. ఈ ఆరాధకులు గుహలలోనో శ్మశానాలలోనో ఉండరు. చక్కని దుస్తులు వేసుకుని, న్యూయార్కులోని గ్రెనిచ్ విలేజ్ అనే పేటలోని గదులలో కూర్చుని, టీ తాగుతూ ఒక మనిషి చావు గురించి మర్యాదగా చర్చించుకుంటారు. హింస చేయబోమన్నది వారి నియమం, ద్రోహి చావాలన్నదీ వారి నియమమే. అందుకే ఆమె ముందు విషపు గ్లాసు పెట్టి, తాగమని గంటల తరబడి బతిమాలుతారు. మంత్రాలు, పిడుగులు, కొమ్ములు ఏవీ లేవు. మీ కొత్త సిద్ధాంతానికి ఇది ఒక చిక్కు తెస్తుందని హెచ్చరిస్తున్నాను. ఇందులో దుష్టశక్తి ఉందా లేదా అన్న ప్రశ్నను ఎవరూ అడగనే అడగరు. ఉన్నా లేకపోయినా ఆ గదిలో జరిగేది అదే. కథలో అక్కడక్కడ గంతులు కనిపిస్తాయి, కూర్పులో కొన్ని సన్నివేశాలు తీసేయడమే దానికి కారణం. రెండోసారి చూస్తే ఇబ్బంది ఉండదు.

కూర్పుల సంగతి కూడా అడిగారు. 'నైట్ ఆఫ్ ద డీమన్' అమెరికాలో పేరు మార్చుకుని 'కర్స్ ఆఫ్ ద డీమన్'గా, పది నిమిషాలకు పైగా కోతతో వెళ్లింది. కాబట్టి మీరు సుమారు 95 నిమిషాల బ్రిటిష్ కూర్పునే చూడండి. 'ద సిటీ ఆఫ్ ద డెడ్' అమెరికాలో 'హారర్ హోటల్' అయింది. సెల్విన్‌ను కాల్చే తొలి ఘట్టంలో సాతానుకు చేసే ప్రార్థన మాటలు అక్కడ కత్తిరించారు. అంతర్జాలంలో ఉచితంగా దొరికేవాటిలో చాలావరకు ఆ కత్తిరించిన, అరిగిపోయిన ప్రతులే. కోటగుమ్మం గారు పొగిడిన మంచు వాటిలో బూడిదరంగు ముద్దగా కనిపిస్తుంది. 'నైట్ ఆఫ్ ద ఈగిల్' అమెరికన్ ప్రతికి 'బర్న్, విచ్, బర్న్' అని పేరు. దాని మొదట్లో చీకటి తెర మీద ఒక గొంతు ప్రేక్షకులను దుష్టశక్తులనుంచి కాపాడటానికి మంత్రం చదువుతుంది. అది మూల చిత్రంలో లేదు, అమ్మకం కోసం అతికించినది. లెక్కలమాస్టారు గారికి అది కోపం తెప్పిస్తుందని తెలుసు గానీ, నాకు మాత్రం సరదాగానే ఉంటుంది.


లెక్కలమాస్టారు

కోపమేమీ లేదు. నమ్మని ఆచార్యుడి కథకు ముందు ప్రేక్షకులకు రక్షామంత్రం చదివి పెట్టడం, తీర్పు ముందే చెప్పి తరవాత విచారణ జరపడం వంటిది. ఆ రెండు నిమిషాలు దాటవేసి చూడమని మాత్రమే నా సలహా.